మౌస్ పడితే చెయ్యి తిమ్మిరెక్కిపోతోంది, వర్టికల్ మౌసా, ట్రాక్‌బాలా, పెన్ టాబ్లెటా?

బెజవాడ డీటీపీ:

అందరికీ నమస్కారం అండి. నేను విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాను, పద్నాలుగేళ్ల నుంచి ఇదే పని. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా కోరల్‌డ్రా, పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. తెలుగు టైపింగ్ ‘అను స్క్రిప్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో, యాపిల్ లేఅవుట్, అది వేళ్లకి ఎక్కిపోయింది కాబట్టి టైపింగ్‌తో నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మౌస్‌తోనే.

మొన్న మాఘమాసం సీజన్‌లో రోజుకి పది పన్నెండు గంటలు కూర్చున్నాను. అప్పట్నుంచీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది, లేచి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకోవాలంటే రెండో చెయ్యి కూడా సాయం పెడుతున్నాను.

ఎప్పుడు ఎక్కువ అవుతుందో కూడా గమనించాను. కస్టమర్ పాత కార్డు ఒకటి తెచ్చి ఇందులో ఉన్న వినాయకుడే కావాలమ్మా అంటారు, అది స్కాన్ చేసి పైన గీత గీసుకుంటూ రావాలి, ఒక్కో నోడ్, అంటే గీత ఒంపు మార్చే చిన్న చుక్క, నొక్కి పట్టుకుని లాగి వదలాలి. తొండం ఒంపు ఒక్కదానికే ముప్పై నలభై సార్లు లాగుతాను. ఆ నొక్కి పట్టుకోవడం దగ్గరే మణికట్టు లోపల తీగ లాగినట్టు ఉంటుంది. టెక్స్ట్ పేజీలు చేసే రోజున ఇంత ఉండదు.

కొత్తది కొందామని అనుకుంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. షాపులో నిలువుగా పట్టుకునే వర్టికల్ మౌస్ తీసుకోమన్నారు, కానీ అట్టపెట్టె విప్పి చేతిలో పెట్టి చూపించమంటే కుదరదన్నారు, నా చెయ్యి చిన్నది, పట్టదేమోనని భయమేసి వచ్చేశాను. మా ఆడపడుచు వాళ్లాయన ట్రాక్‌బాల్ అంటాడు. మా అబ్బాయి పెన్ టాబ్లెట్ కొనమ్మా, గీతలన్నీ పెన్నుతోనే గీసెయ్యొచ్చు అంటాడు. మూడూ కొనే స్తోమత లేదు, పని మానేసి కూర్చునే వీలు అసలే లేదు. నిజంగా వాడినవాళ్లు ఎవరైనా ఉంటే మీకు ఎలా పనిచేసిందో చెప్పండి ప్లీజ్.

క్యాడ్ మనిషి, హైదరాబాద్:

అక్కా నేను ఆటోక్యాడ్ చేస్త, స్ట్రక్చరల్ డ్రాయింగ్స్, పొద్దుగాల తొమ్మిదికి కూసుంటే రాత్రి దాక అదే పని. నాకు భుజం పట్టేసేది, మణికట్టు కాదు, కుడి భుజం మెడ కాడికి. తొమ్మిదేండ్ల సంది ట్రాక్‌బాల్ వాడుతున్న, మళ్ల మామూలు మౌస్ ఒక్కదాని మీదనే పని చెయ్యలే.

ట్రాక్‌బాల్ అంటే మౌస్ బోర్ల పడేసినట్టు, డివైస్ ఉన్న కాడనే ఉంటది, గుండు మాత్రం తిరుగుతది, చెయ్యి జరిపే పనే ఉండదు. ఇండ్ల రెండు రకాలు ఉంటయి, ఇది ముందు తెల్వకుంట కొంటే పైసలు దండుగ. ఒకటి బొటనవేలితో తిప్పేది, లాజిటెక్ ఎం575, ఎంఎక్స్ ఎర్గో అసొంటివి. ఇంకోటి గుండు నడుమ ఉండి చూపుడువేలు మధ్యవేలు కలిపి తిప్పేది, కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్, ఆర్బిట్. నేను ఫస్ట్ బొటనవేలిదే తీసుకున్న, పట్టుకునేటందుకు మౌస్ లెక్కనే ఉంటది, రెండు రోజులల్ల అలవాటైంది, కానీ నాలుగు నెలలకు బొటనవేలు అడుగున మొదట్ల నొప్పి షురూ అయింది. రోజంత కర్సర్ బరువు ఒక్క వేలి మీద వేస్తే ఏమైతది చెప్పుండ్రి, అందుల ఇంటికొచ్చినంక ఫోన్ తోమేది గూడ అదే వేలు. అటెన్క నడిమి గుండుది తీసుకున్న, ఇప్పటికి అదే నడుస్తున్నది. అది రెండు పక్కల ఒక్క తీర్గ ఉంటది కాబట్టి ఎడమ చేతికి గూడ పనికొస్తది.

ఒక్క సంగతి మాత్రం ఖుల్లా చెప్త. మీరు చెప్పిన నోడ్ లాగే పని ట్రాక్‌బాల్ మీద కష్టమే. ఒక వేలితో బటన్ నొక్కి పట్టుకోవాలె, ఇంకో వేలితో గుండు తిప్పాలె, రెండూ ఒకే చెయ్యి, ఆడ కర్సర్ వణుకుతది. ఆటోక్యాడ్ల క్లిక్ చేసి వదిలి మళ్ల క్లిక్ చేస్తే గీత పడ్తది, లాగుడు తక్కువ, అందుకే నాకు నడిచింది. మీకు గట్ల నడుస్తదో లేదో నేను గ్యారంటీగ చెప్పలేను.

దీనికి విండోస్‌ల ఒక మందు ఉంది, మస్తుమందికి తెల్వదు, క్లిక్‌లాక్ అంటరు. మౌస్ సెట్టింగ్స్‌ల అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ అని ఉంటది, అది తెరిస్తే బటన్స్ ట్యాబ్ అడుగున దొరుకుతది. ఆన్ చేసినంక బటన్ కొద్దిసేపు నొక్కి వదిలితే నొక్కినట్టే ఉండిపోతది, ఇగ వేలు ఖాళీ, నిమ్మలంగ కర్సర్ తీస్కపోయి ఇంకోసారి నొక్కితే వదులుతది. ఇది ఇప్పుడున్న మీ మూడొందల మౌస్‌కు గూడ పనిచేస్తది, ఏం కొనకముందే ఇయ్యాల్నే పెట్టి చూడుండ్రి.

ఫిజియో, గుంటూరు:

బెజవాడ డీటీపీ గారూ, ఏ మౌస్ అన్నది తర్వాత చూద్దాం, ముందు మీరు చెయ్యి చూపించుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి, రాత్రి లేచి విదిలించుకోవడం, గ్లాసు పట్టు జారడం, ఈ మూడూ కలిసి వస్తే మేము మొదట అనుమానించేది కార్పల్ టన్నెల్. మణికట్టు దగ్గర ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది, అందులోంచి వేళ్లు ముడిచే తాళ్లలాంటి టెండన్లు తొమ్మిది, వాటితో పాటు మీడియన్ నర్వ్ అనే నరం వెళ్తాయి. ఆ దారిలో వాపు వచ్చిందంటే మొదట నలిగేది ఆ నర్వే. మీకు తిమ్మిరి ఉన్న వేళ్లు సరిగ్గా అది వెళ్లే వేళ్లే. చిటికెనవేలు తిమ్మిరెక్కితే అది వేరే నర్వ్, దానికి మోచెయ్యి టేబుల్ అంచుకి ఆనించి కూర్చుంటున్నారా అని అడుగుతాం.

నేను ఇక్కడ రాసింది చదివి ఇదే జబ్బు అని మీరే ఖాయం చేసుకోవద్దు. ఆర్థోపెడిక్ డాక్టర్‌నో న్యూరాలజిస్ట్‌నో కలిస్తే అవసరమైతే నర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు. షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి, అవి ఉన్నా ఇలాగే వస్తుంది, మౌస్ ఒక్కటే కారణం అని చెప్పలేం. బొటనవేలి బలం తగ్గడం మొదలైతే మాత్రం ఆలస్యం చెయ్యకూడదండీ, అక్కడి కండ కరిగిపోయాక ఎంత చేసినా పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. నా దగ్గరికి సీజన్ అయిపోయాక వద్దాంలే అనుకుని ఆగి ఆగి వచ్చినవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే స్ప్లింట్ కట్టుకుని పడుకుంటే చాలామందికి ఆ మెలకువ తగ్గుతుంది. నిద్రలో మనకి తెలీకుండానే చెయ్యి ముడుచుకుని పడుకుంటాం కదా. ఇంకోటి, మౌస్ ముందు జెల్ దిండు పెట్టుకుని మణికట్టు దాని మీద వాల్చి పని చేస్తున్నట్టయితే మానెయ్యండి, అది నేరుగా ఆ ఇరుకు దారి మీదే ఒత్తుతుంది. ఆనించాలనుకుంటే అరచెయ్యి మడమ ఆనాలి.

డివైస్ సంగతికి వస్తే బొటనవేలి ట్రాక్‌బాల్ మీకు వద్దంటాను. క్యాడ్ మనిషి గారికి వచ్చిన నొప్పి లాంటిదే చాలామందిలో చూశాను, బొటనవేలి పక్క టెండన్ వాస్తుంది. ఉన్న నొప్పికి ఇంకొకటి తోడు చేసుకోవద్దు.

పాత లెక్చరర్:

అమ్మా, నేను ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లు కంప్యూటర్ సైన్స్ చెప్పాను. మీ ప్రశ్న చదివాక నాకు గుర్తొచ్చింది ఒకటి రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, చివర్లో మీ తొండానికి పనికొచ్చేది ఉంది.

మౌస్ కనిపెట్టినవాళ్లే ఏది మంచిదో తేల్చుకోవడానికి పరీక్ష పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన, బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్కపెట్టెలో రెండు చక్రాలు పెట్టి చేశాడు. వాళ్లు మౌస్, తెర మీదే గురిపెట్టే లైట్ పెన్, జాయ్‌స్టిక్, గ్రాఫకాన్ అని ఇంకోటి, వీటితో పాటు టేబుల్ కింద మోకాలితో నడిపే సాధనం కూడా పెట్టి మనుషుల చేత తెర మీద అక్షరాలు పట్టించారు, ఆ ఫలితాలు 1967లో అచ్చయ్యాయి. అలవాటైనవాళ్లలో మౌస్ గెలిచింది. కొత్తవాళ్లలో మాత్రం లైట్ పెన్నూ మోకాలూ మౌస్ కంటే ముందున్నాయి! మోకాలి సాధనంతో చేతులు కీబోర్డు మీంచి కదలక్కర్లేదు కదా, వెళ్లి రావడానికి పట్టే టైమ్ మొత్తం మిగిలింది. ఆ తర్వాత 1978లో జిరాక్స్ వాళ్ల పరిశోధన కేంద్రంలో కార్డ్, ఇంగ్లిష్, బర్ ముగ్గురూ మౌస్, జాయ్‌స్టిక్, బాణం కీలు పోల్చి చూశారు, అక్కడా మౌసే. ఉత్త చేతితో వేలు పెట్టి చూపించే వేగానికి మౌస్ దాదాపు దగ్గర్లో ఉందని తేలింది, అంటే ఇంకా ఆలస్యం అవుతుంటే అది సాధనం తప్పు కాదు, కన్నూ చెయ్యీ కలిసి పనిచెయ్యడానికి పట్టే సమయమే అంత.

అయితే అమ్మా, ఈ పరీక్షలు చూసింది వేగం, తప్పులు. పద్నాలుగేళ్లు రోజుకి పది గంటలు వాడితే చెయ్యి ఏమవుతుంది అని కాదు. వేగంలో గెలిచింది కాబట్టి ఒంటికి మంచిదని అర్థం కాదు, ఈ రెండూ కలిపేసి మాట్లాడడం వల్లే మీలాంటివాళ్లు అన్నీ మౌస్‌తోనే చెయ్యాలనుకుని చెయ్యి పాడుచేసుకుంటున్నారు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ఎందుకంటే 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ మొదటిసారి అందరికీ చూపించినప్పుడు ఆయన కుడిచేతిలో మౌస్ ఉంటే ఎడమచేతి కింద అయిదు మీటలున్న చిన్న కీ పలక ఉంది, వేళ్లు కలిపి నొక్కితే అక్షరాలూ కమాండ్లూ వచ్చేవి. పని రెండు చేతులకీ పంచాడాయన. మౌస్ మనదాకా వచ్చింది, ఆ ఎడమచేతి పలక రాలేదు.

ఇప్పుడు తొండం. ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లో చెప్పిన సూత్రం ఒకటుంది, చేరాల్సిన చోటు ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే అంత టైమ్ పడుతుంది. మీరు పేజీ మొత్తం తెర మీద పెట్టుకుని చీమంత నోడ్ పట్టుకోబోతే చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొక్కుడు పెరుగుతుంది. కోరల్‌డ్రాలో ఎఫ్2 నొక్కి ఆ ఒంపు చుట్టూ గీసి పెద్దది చెయ్యండి, అయ్యాక ఎఫ్4 కొడితే అంతా తిరిగి కనిపిస్తుంది. ఒంపు పెద్దదైతే ఒక్కొక్క పిక్సెల్ దగ్గర వణకాల్సిన పని ఉండదు. తర్వాత అసలు లాగడమే మానొచ్చు. ఎఫ్10తో షేప్ టూల్ తీసుకుని నోడ్ మీద ఒక్క క్లిక్, వదిలెయ్యండి, ఇక జరపడం బాణం కీలతో. కంట్రోల్ పట్టుకుని బాణం కొడితే ఇంకా సన్నగా జరుగుతుంది, షిఫ్ట్‌తో ఎక్కువ. ఆ బాణాలు కీబోర్డు మీద కుడివైపే ఉంటాయి గానీ ఎడమచెయ్యి చాచి కొట్టడం నాలుగు రోజుల్లో వస్తుంది.

బొమ్మల తమ్ముడు:

అక్కా మీ అబ్బాయి చెప్పింది సగం కరెక్టు. నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, ఆరేళ్లుగా పెన్ టాబ్లెటే, మౌస్‌తో బొమ్మ గీయమంటే ఇప్పుడు నా వల్ల కాదు.

పెన్ టాబ్లెట్‌కీ మౌస్‌కీ ఒక పెద్ద తేడా ఉంది, అది తెలీక చాలామంది మొదటి రోజే పక్కన పడేస్తారు. మౌస్ ఎత్తి ఇంకో చోట పెడితే కర్సర్ కదలదు, ఎంత జరిపితే అంత. పెన్ను అలా కాదు, పలక మీద ఎడమ పై మూల అంటే తెర మీద ఎడమ పై మూలే, పెన్ను ఎక్కడ పెడితే కర్సర్ అక్కడికి దూకుతుంది. చెయ్యి పలక మీద, కన్ను తెర మీద, ఆ రెండూ కుదరడానికి నాకు రెండు వారాలు పట్టింది. మొదటి మూడు రోజులు ఏడుపొచ్చేస్తుంది, అప్పుడు ఆపకండి. డ్రైవర్‌లో పలక కొలత తెర కొలత నిష్పత్తి ఒకటే ఉండేలా టిక్ పెట్టుకోవాలి, లేకపోతే మీరు గుండ్రంగా గీసిన బొట్టు తెర మీద కోడిగుడ్డు అవుతుంది. విండోస్‌లో పెన్ను కాసేపు ఆనిస్తే రైట్ క్లిక్ వచ్చే సెట్టింగ్ కూడా తీసెయ్యండి, గీత మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక రింగు తిరిగి ప్రాణం తీస్తుంది.

తొండం లాంటి ఒంపుకి ఇది బాగుంటుంది ఎందుకంటే ముప్పై నోడ్లు లాగే బదులు ఒక్క గీతలో గీసెయ్యొచ్చు, స్మూతింగ్ పెంచుకుంటే వణుకు పోతుంది, తర్వాత షేప్ టూల్‌లో రెడ్యూస్ నోడ్స్ కొంచెం లాగితే అయిదారు నోడ్లే మిగుల్తాయి. అచ్చం మన ముగ్గు కర్ర వేసినట్టు, చుక్క చుక్కకీ ఆగితే గీత వంకర పోతుంది, చెయ్యి ఆపకుండా లాగితేనే ఒంపు వస్తుంది.

కానీ కార్డు మొత్తం పెన్నుతో చేస్తానంటే వద్దు. మెనూలు, డబుల్ క్లిక్, చిన్న చిన్న బాక్సుల్లో నంబర్లు మార్చడం, ఇవి పెన్నుతో చిరాకు, టైప్ చెయ్యాల్సొచ్చిన ప్రతిసారీ పెన్ను కింద పెట్టాలి. పైగా బిగించి పట్టుకునే అలవాటు ఉంటే పెన్నుతో కూడా బొటనవేలు నొప్పి పుడుతుంది, నేను పెన్ను చుట్టూ రబ్బరు గ్రిప్ తొడిగి లావు చేసుకున్నాను, లావుగా ఉంటే బిగించబుద్ధి కాదు. వేకమ్ కంపెనీ టాబ్లెట్ పెన్నులకి బ్యాటరీ ఉండదు, పలకే దానికి కరెంటు అందిస్తుంది, కాబట్టి బరువు తక్కువ. హ్యూయాన్, ఎక్స్‌పీ పెన్‌లలో కూడా బ్యాటరీ లేనివి వస్తున్నాయి, ధర తక్కువ, మీ పనికి అవి చాలు. చిన్న సైజు తీసుకోండి అక్కా, పెద్దది తీసుకుంటే భుజం తిప్పాలి.

వర్టికల్ వాడతాను:

షాపువాళ్లు చెప్పిన వర్టికల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మూడేళ్లుగా వాడుతున్నా, అకౌంట్స్ పని. మామూలు మౌస్ మీద అరచెయ్యి బోర్లా ఉంటుంది కదా, అప్పుడు ముంజేతిలో రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి. వర్టికల్‌లో కరచాలనం చేసినట్టు ఉంటుంది, మెలి తగ్గుతుంది, ముంజెయ్యి లాగడం నాకు నిజంగా తగ్గింది. కానీ క్లిక్ పక్కకి నొక్కుతాం కాబట్టి మౌస్ కదిలిపోకుండా ఇటునుంచి బొటనవేలు ఒత్తి పట్టుకోవాలి, ఎక్సెల్‌కి ఫర్వాలేదు గానీ సన్నటి పాయింట్ మీద క్లిక్ చేస్తే అది జరుగుతుంది. మీ నోడ్ల పనికి నేనైతే చెప్పను. చిన్న చెయ్యి అన్నారు కాబట్టి ఒకవేళ తీసుకుంటే సైజు చూసి తీసుకోండి, లాజిటెక్ లిఫ్ట్ చిన్న చేతుల కోసమే చేశారు, దాంట్లో ఎడమచేతిది కూడా ఉంది. ఎంఎక్స్ వర్టికల్ మా ఆవిడ పట్టుకుంటే వేళ్లు బటన్ చివరిదాకా అందలేదు.

ఎర్ర చుక్క, బెంగళూరు:

ల్యాప్‌టాప్‌లో టెక్స్ట్ పని చేసేవాళ్లకి థింక్‌ప్యాడ్ కీబోర్డు మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది చూడండి, ట్రాక్‌పాయింట్, 1992 నుంచి వస్తోంది, నేను కోడింగ్ అంతా దాంతోనే. చెయ్యి కీబోర్డు మీంచి లేపక్కర్లేదు, పైన సార్ చెప్పిన మోకాలి సంగతి లాంటిదే. కానీ అది ఒత్తితే కదిలే రకం, ఎంత గట్టిగా ఒత్తితే అంత స్పీడు, గీతలు గీయడానికి అస్సలు పనికిరాదు, కాబట్టి బెజవాడ మేడమ్‌కి ఇది కాదు. ఇది చదివే టైపిస్టులు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాశాను.

బెజవాడ డీటీపీ:

ఇంత ఓపిగ్గా రాసిన అందరికీ చాలా థాంక్స్ అండి. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను, ఫిజియో గారు అన్నదే అన్నారు, టెస్టులో నర్వ్ కొంచెం నెమ్మదించిందని వచ్చింది, మొదటి దశలోనే ఉందట. రాత్రి స్ప్లింట్ కట్టుకోమన్నారు. థైరాయిడ్ కూడా ఉందని బయటపడింది, మీరు చెప్పకపోతే ఆ టెస్టు చేయించుకునేదాన్నే కాదు.

క్లిక్‌లాక్ పెట్టాను, మొదటి రోజు అనుకోకుండా లాక్ పడిపోయి ఒక కార్డులో శుభలేఖ అన్న అక్షరాలు పక్కకి వెళ్లిపోయాయి, కంట్రోల్ జడ్ కొట్టుకున్నాను. రెండో రోజు అక్కడే ఉండే సెట్టింగ్‌లో ఎక్కువసేపు నొక్కితేనే లాక్ అయ్యేలా పెట్టుకున్నాను, ఇప్పుడు బాగుంది. ఇంకో డౌట్, ఎడమచేతికి మార్చుకోమని డాక్టర్ గారు కూడా అన్నారు, కానీ ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటే అద్దంలో చూసి రాసినట్టు ఉంది. బటన్లు కూడా తిరగెయ్యాలా? మౌస్ దగ్గరికి జరుపుకుందామంటే నా కీబోర్డులో నంబర్ ప్యాడ్ అడ్డం, అదీ తీసెయ్యలేను, అనులో కొన్ని అక్షరాలకి ఆల్ట్ పట్టుకుని నంబర్లు కొట్టాలి.

క్యాడ్ మనిషి, హైదరాబాద్:

అక్కా బటన్లు తిరగెయ్యకుండ్రి. విండోస్‌ల బటన్లు మారిస్తే పెట్టిన మౌస్‌లన్నిటికీ మారిపోతయి, కుడిచేతి దాన్ల గూడ తారుమారు అయితది. ఎడమచేత్త పట్టుకున్నప్పుడు మధ్యవేలితోని క్లిక్ కొట్టుండ్రి, వారంల అలవాటైతది. ఇంకోటి, రెండు డివైస్‌లు ఒక్కసారే పెట్టుకోవచ్చు, రెండూ అదే కర్సర్‌ను జరుపుతయి. నేను ఎడమ దిక్కు గుండు, కుడి దిక్కు మామూలు మౌస్ రెండూ పెట్టుకుంట. ఎడమ చెయ్యి మెనూలు, జూమ్, స్క్రోల్ అసొంటి మోటు పనులు చేస్తది, సన్న పని వచ్చినప్పుడే కుడి చెయ్యి లేస్తది. మీకు చూస్తే సగం పని మోటుదే ఉంటది, ఆ సగం ఎడమకు పోయిందనుకోండ్రి, కుడి చేతికి గంత రెస్టు దొరికినట్టే.

నంబర్ ప్యాడ్‌కు ఉపాయం ఉంది. నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డు తీసుకోండ్రి, నంబర్ ప్యాడ్ వేరేగ యూఎస్‌బీది అమ్ముతరు, అది ఎడమ పక్కకు పెట్టుకోండ్రి. పెద్ద కీబోర్డుతోని మౌస్ జానెడు దూరం పోతది, రోజంత చెయ్యి బయటికి చాపి ఉంచుడే, నా భుజం పోయింది దానితోనే.

పాత లెక్చరర్:

ఎడమచెయ్యి ఖాళీ అయినప్పుడు కోరల్‌డ్రా కీలు కూడా దానికి నేర్పండమ్మా. స్పేస్ బార్ కొడితే ఇప్పుడున్న టూల్‌కీ, వస్తువులు ఎంచుకునే పిక్ టూల్‌కీ మధ్య మారుతుంది, టూల్‌బాక్స్ దాకా వెళ్లక్కర్లేదు. రెండు వస్తువులు ఎంచుకుని ఎల్ కొడితే ఎడమకి, ఆర్ కొడితే కుడికి, టి పైకి, బి కిందకి వరస పడతాయి. పి కొడితే పేజీ నడిమధ్యకి వచ్చేస్తుంది. కార్డు మీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు వరసలో పెట్టడానికి మీరు ఎన్నిసార్లు చేత్తో జరిపి కంటితో చూసుకుంటున్నారో నాకు తెలీదు గానీ ఆ జరపడం అంతా ఒక్క అక్షరంతో పోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, అను తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటే ఈ కీలు పనిచెయ్యకపోవచ్చు, ఇంగ్లిష్‌కి మార్చి కొట్టండి.

బెజవాడ డీటీపీ:

నెల దాటింది, ఎలా ఉందో చెప్పకపోతే బాగోదని వచ్చాను. నడిమి గుండు ఉన్న ట్రాక్‌బాల్ ఒకటి, బ్యాటరీ లేని పెన్నుతో చిన్న టాబ్లెట్ ఒకటి తీసుకున్నాను, టాబ్లెట్ మా అబ్బాయి తన డబ్బులతో కొనిచ్చాడు. ట్రాక్‌బాల్ ఎడమవైపు, మామూలు మౌస్ కుడివైపు, టాబ్లెట్ కీబోర్డు ముందు సొరుగులో పెట్టుకుని బొమ్మ వచ్చినప్పుడే తీస్తున్నాను.

మొదటి వారం పని సగానికి పడిపోయింది, ఓనర్ గారికి ముందే చెప్పాను కాబట్టి సరిపోయింది. రెండో వారం నుంచి ఎడమచెయ్యి తనంతట తనే గుండు మీదకి వెళ్తోంది. పెన్నుతో తొండం మాత్రం ఇంకా కుదరలేదు, ఒంపు వస్తోంది గానీ చివర చుట్ట దగ్గర గీత దాటిపోతోంది, అక్కడ సార్ చెప్పినట్టు నోడ్ క్లిక్ చేసి బాణం కీలతో సర్దుకుంటున్నాను. నిన్న ఒక వినాయకుణ్ని మొత్తం ఇలాగే చేశాను, ఇంతకుముందు గంట పట్టేది, నిన్న గంటన్నర పట్టింది. కానీ చెయ్యి విదిలించుకోలేదు. రాత్రి మెలకువ వారానికి ఒకటి రెండుసార్లే వస్తోంది, స్ప్లింట్ వల్లో మందుల వల్లో ఇవన్నీ కలిసో నేను చెప్పలేను.

ఒకటి అడగాలి. గుండు రెండు రోజుల నుంచి పట్టినట్టు ఆగి ఆగి తిరుగుతోంది, కర్సర్ ఒక పక్కకి జారట్లేదు. పాడైపోయిందా?

క్యాడ్ మనిషి, హైదరాబాద్:

పాడు గాలే అక్కా. గుండు చేతిల వట్టి పైకి తీయుండ్రి, రాకపోతే అడుగున బొక్క ఉంటది, పెన్సిల్ పెట్టి కింది నుంచి నూకుండ్రి. లోపట చిన్న చిన్న పూసలు మూడు కనపడ్తయి, గుండు వాటి మీదనే కూసుంటది. చెమట, ధూళి కలిసి వాటి మీద తెల్లగ పేరుకుంటది, గోరుతోని గీకితే ఊడొస్తది, నీళ్లు పొయ్యకుండ్రి. గుండును ఒక్కసారి మీ మొఖానికి రుద్ది పెట్టుండ్రి, ఆ కొంచెం జిడ్డుతోని మళ్ల జర్రున తిరుగుతది. మీ బెజవాడ ఎండలకు పది దినాలకొకసారి చెయ్యాల్సొస్తది.